ఇండియానా ఫుట్‌బాల్ సీజన్ టికెట్: అదే సీటు, ఇద్దరు హెడ్ కోచ్‌లు, ఐదు సీజన్లు

బ్లూమింగ్టన్‌లోని ఇండియానా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఆడే ఆటలన్నిటికీ కలిపి అమ్మే సీజన్ టికెట్‌ను నేను 2021 నుంచి ఏటా కొంటున్నాను. మైదానం అదే, నేను కూర్చునే సీటు అదే. మారింది హెడ్ కోచ్, ఆయనతోపాటు ఆట. మొదటి మూడు సీజన్లు టామ్ అలెన్ హెడ్ కోచ్‌గా ఉండగా చూశాను, తర్వాతి రెండూ కర్ట్ సిగ్నెటీ వచ్చాక చూశాను. ఆ మూడేళ్లలో జట్టు 36 ఆటలాడి 9 గెలిచింది. ఈ రెండేళ్లలో 29 ఆటలాడి 27 గెలిచింది, 2026 జనవరి 19న జాతీయ ఛాంపియన్ అయింది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ప్రతి ఆగస్టులోనూ "అన్నా, ఆ టికెట్ కొనవచ్చా, డబ్బు దండగా?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు నేను రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోతున్నాను. టికెట్ మీద అచ్చయ్యేది సీటు నంబరే అయినా మనం కొనేది హెడ్ కోచ్ పనితనాన్ని అని ఈ ఐదేళ్లలో నాకు బాగా తెలిసివచ్చింది. అందుకే ఈ సమీక్షలో సీటు గురించి తక్కువ, విశ్వవిద్యాలయం కొత్త కోచ్‌ను తెచ్చుకున్న తీరు గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఈ ఆట తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టు 10 గజాలు ముందుకు పోవడానికి నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, వాటిని డౌన్లు అంటారు. ప్రతి డౌన్ తర్వాతా ఆట ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ తర్వాతి ఎత్తు ఏమిటో మైదానం అంచున నిలబడ్డ కోచ్‌లు నిర్ణయిస్తారు. క్రికెట్‌లో బౌలర్‌ను మార్చేది, ఫీల్డింగ్ సర్దేది కెప్టెన్ అయితే ఇక్కడ ఆ పని, దానికి పదింతల పని, కోచ్‌లది. కాలేజీ జట్టులో హెడ్ కోచ్‌కు ఇంకా పెద్ద బరువు ఉంటుంది. ఏ ఆటగాడిని తీసుకోవాలో, ఎవరిని వదులుకోవాలో, తన కింద పనిచేసే కోచ్‌లు ఎవరో తేల్చేది ఆయనే. కాబట్టి ఓడిపోతున్న కాలేజీ జట్టుకు కొత్త హెడ్ కోచ్‌ను తేవడమంటే ఇంటికి రంగు మార్చడం లాంటిది కాదు, పునాది తీసి మళ్లీ వేయడం లాంటిది.

నేను మొదటిసారి టికెట్ కొన్నది 2020 సీజన్‌లో జట్టు 6 గెలిచి 2 మాత్రమే ఓడిందని విని. ఆ ఏడాది పెన్ స్టేట్‌ను ఒక్క పాయింటు తేడాతో ఓడించిన ఆట వీడియో మా విభాగంలో అందరూ ఒకరికొకరు పంపుకున్నారు. తీరా నేను డబ్బు కట్టిన ఏడాది జట్టు 2 గెలిచి 10 ఓడింది. ఏటా తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల గుంపు బిగ్ టెన్ కూటమిలో ఆడిన తొమ్మిది ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. 2021 నవంబరు 13న రట్గర్స్‌తో జరిగిన ఆట ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. 38–3తో ఓడాం. రెండో సగం మొదలయ్యేసరికి మా వరుసలో నేను, నా రూమ్మేట్, ఆ కొసన ఒకే దుప్పటి కప్పుకున్న వృద్ధ దంపతులు మిగిలాం. చలికి బెంచీ మంచుగడ్డలా ఉంటే ఇద్దరం మా బ్యాక్‌ప్యాకుల్లోంచి తీసిన నోట్‌బుక్కు అట్టలు పరుచుకుని కూర్చున్నాం. బయట పార్కింగ్ మైదానంలో మాత్రం పొయ్యిల పొగ, పాటల హోరు అలాగే ఉన్నాయి. వేలమంది విద్యార్థులు స్టేడియం గుమ్మం దాకా వచ్చి, విందు చేసుకుని, లోపలికి రాకుండానే వెనక్కి పోయేవారు. ఆ పిల్లలను తప్పు పట్టలేను. లోపల చూడడానికి ఏమీ లేదని వాళ్లకు ముందే తెలుసు.

టామ్ అలెన్‌ను చిన్నచూపు చూస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆటగాళ్లను బిడ్డల్లా చూసుకున్న మనిషి అని ఆయనకు పేరు, 2019లో జట్టుకు 8 విజయాలు కూడా తెచ్చారు. ఆయనకన్నా ముందు వచ్చినవాళ్లకూ ఈ జట్టు అంత తేలిగ్గా లొంగలేదు. 1995 నుంచి 2023 దాకా ఇండియానాకు ఓటములకన్నా గెలుపులు ఎక్కువైన సీజన్లు మూడే: 2007, 2019, 2020. బిగ్ టెన్ టైటిల్ చివరిసారి దక్కింది 1967లో. ఆ తర్వాత, సీజన్ చివర ఎంపికైన జట్లు ఆడే రోజ్ బౌల్ అనే ఆటలో సదరన్ కాలిఫోర్నియా చేతిలో 14–3తో ఓడింది. అగ్రశ్రేణి కాలేజీ ఫుట్‌బాల్‌లో 700కు పైగా ఓటములు మూటగట్టుకున్న జట్టు ఇది. ఈ రాష్ట్రంలో ఇండియానా విశ్వవిద్యాలయం అంటే బాస్కెట్‌బాల్, దాని పాత కోచ్ బాబ్ నైట్, ఆయన తెచ్చిన మూడు జాతీయ టైటిళ్లు. ఫుట్‌బాల్ అంటే బాస్కెట్‌బాల్ మొదలయ్యేదాకా కాలక్షేపం. స్టేడియం ఉత్తరపు కొసన ఒక సున్నపురాయి బండ ఉంటుంది. 2005లో హెడ్ కోచ్‌గా వచ్చిన టెర్రీ హెప్నర్ దాన్ని అక్కడ పెట్టించారు. ఆయన రెండు సీజన్లు పనిచేసి 2007లో మెదడు క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చేటప్పుడు ఆ బండను తాకి వస్తారు. ఓడిన ఏళ్లలో నేను ఎక్కువగా చూసింది ఆ దృశ్యాన్నే, అదొక్కటే నన్ను టికెట్ మానుకోనివ్వలేదని చెప్పినా తప్పు లేదు.

2023 నవంబరు 25న జట్టు పర్డ్యూ చేతిలో 35–31తో ఓడింది. మర్నాడే అలెన్‌ను తొలగించారు. ఆయన ఒప్పందంలో ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నందున పూర్తిగా చెల్లిస్తే రెండు కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాల్సి వచ్చేది. మాట్లాడుకుని కోటీ 55 లక్షల డాలర్లకు, అదీ దాతల నిధుల నుంచి, తేల్చుకున్నారు. పని మానిపించడానికే ఇంత డబ్బా అని మన ఇళ్లలో ముక్కున వేలేసుకుంటారు, నేనూ వేసుకున్నాను. కానీ ఈ ఆటలో ఇది కొత్త కాదు. అదే నెలలో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం జింబో ఫిషర్‌ను పంపించడానికి ఒప్పుకున్న మొత్తం ఏడున్నర కోట్ల డాలర్లు దాటింది. పాతవారిని పంపించడానికి అయ్యే ఖర్చు ఈ స్థాయిలో ఉన్నప్పుడు, కొత్తవారిని ఎంచుకోవడంలో తప్పు జరిగితే విశ్వవిద్యాలయం రెండుసార్లు నష్టపోతుంది. అందుకే క్రీడా విభాగం డైరెక్టర్ స్కాట్ డాల్సన్ ఎవరిని తెస్తారోనని నాలుగు రోజులు ఎదురుచూశాం. నవంబరు 30న ప్రకటించిన పేరు కర్ట్ సిగ్నెటీ.

నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు తెలియదు, మా వరుసలో కూర్చునేవాళ్లలో సగం మందికి తెలియదు. ఆయనకు అప్పటికి 62 ఏళ్లు. ఇలాంటి చోట విశ్వవిద్యాలయాలు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతాయి. గొప్ప జట్టులో రెండో స్థాయిలో పనిచేస్తున్న యువ కోచ్‌ను తెచ్చుకుని "రేపటి మనిషి" అని చెప్పుకోవడం ఒకటి. ఒకప్పుడు పెద్ద చోట పేరు తెచ్చుకుని ఖాళీగా ఉన్నవారిని తెచ్చుకుని అభిమానులను ఊరడించడం రెండోది. ఇండియానా ఈ రెండూ చేయలేదు. ఎక్కడ పనిచేసినా హెడ్ కోచ్‌గా ఒక్క సీజన్ కూడా ఓటమి లెక్కతో ముగించని మనిషిని, చిన్న చోట పనిచేస్తున్నా వెతికి పట్టుకుంది. ఈ ఐదేళ్ల నా అనుభవంలో విశ్వవిద్యాలయం చేసిన అన్ని పనుల్లోకీ నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఇదే.

ఆయన వచ్చిన దారి తెలుసుకుంటే ఎంపిక ఎందుకు సరైనదో అర్థమవుతుంది. 2007 నుంచి 2010 దాకా అలబామాలో అప్పటి హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర పనిచేశారు, 2009 సీజన్ జాతీయ టైటిల్ గెలిచిన బృందంలో ఉన్నారు. అక్కడే ఉంటే హాయిగా గడిచిపోయేది. దాన్ని వదిలి 2011లో పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊరికి, రెండో డివిజన్ కాలేజీకి, హెడ్ కోచ్‌గా వెళ్లారు. చిత్రమేమిటంటే ఆ ఊరి పేరు కూడా ఇండియానాయే, ఆ విద్యాసంస్థ పేరు ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా. ఆయన తండ్రి ఫ్రాంక్ సిగ్నెటీ అక్కడే ఇరవై సీజన్లు హెడ్ కోచ్‌గా ఉన్నారు. కొడుకు అక్కడ ఆరేళ్లలో 53 గెలిచి 17 ఓడారు. తర్వాత నార్త్ కరొలైనాలోని ఈలాన్ విశ్వవిద్యాలయం. 2016లో 2 గెలిచి 9 ఓడిన జట్టును మరుసటి ఏడాదే 8 విజయాలకు తెచ్చారు. 2019 నుంచి వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్‌లో ఐదు సీజన్లలో 52 గెలిచి 9 మాత్రమే ఓడారు; ఆ మధ్యలో 2022లో ఆ విశ్వవిద్యాలయం కింది శ్రేణి నుంచి అగ్రశ్రేణికి మారినా గెలుపు ఆగలేదు. మూడు చోట్ల స్థాయి వేరు, డబ్బు వేరు, పిల్లలు వేరు. ఏ ఊరి నీళ్లతో వండినా అదే రుచి వచ్చిందంటే ఆ రుచి నీళ్లది కాదు, చేతిది. పెద్ద జట్టులో రెండో మనిషిగా ఉన్నవారిని తీసుకున్నప్పుడు మనకు తెలియనిది సరిగ్గా ఇదే: అక్కడి గెలుపులో ఆయన వాటా ఎంత, ఆ జట్టు ఐశ్వర్యం వాటా ఎంత? హెడ్ కోచ్‌గా మూడు చోట్ల గెలిచిన మనిషి విషయంలో ఆ ప్రశ్నే రాదు.

ఆ డిసెంబరులో విలేకరులు, కొత్త ఆటగాళ్లను మీరు ఎలా ఒప్పిస్తారని అడిగితే ఆయన చెప్పిన జవాబు బ్లూమింగ్టన్‌లో అందరికీ కంఠోపాఠం: "నేను గెలుస్తాను. గూగుల్‌లో చూసుకోండి." పొగరుగా వినిపించిందని కొందరు నొచ్చుకున్నారు. నేను మాత్రం ఆ రాత్రే చూసుకున్నాను. పైన రాసిన లెక్కలన్నీ అప్పుడే తెలిశాయి, మర్నాడు పొద్దున్నే తర్వాతి సీజన్‌కు టికెట్ కొనసాగించుకున్నాను.

ఆయన ఒంటరిగా రాలేదన్నది రెండో ముఖ్యమైన సంగతి. డిఫెన్స్ చూసే బ్రయంట్ హేన్స్, అఫెన్స్ నడిపే మైక్ షానహాన్ జేమ్స్ మాడిసన్ నుంచి ఆయన వెంటే వచ్చారు, 13 మంది ఆటగాళ్లూ వచ్చారు. ఐడెన్ ఫిషర్, మికాయిల్ కమారా, డీ యాంజెలో పాండ్స్, ఎలైజా సరాట్ ఆ గుంపులోనివారే. చిన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు బిగ్ టెన్‌లో నిలుస్తారా అని నేనూ సందేహించాను. కోచ్ మాత్రం ఎత్తూ బరువూ చూసి రేపు ఏమవుతాడో ఊహించడం కన్నా నిన్నటిదాకా మైదానంలో ఏం చేశాడో చూడడమే తన పద్ధతి అని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. విశ్వవిద్యాలయం ఆయన్ని ఎంచుకున్న సూత్రమూ అదే, ఆయన ఆటగాళ్లను ఎంచుకున్న సూత్రమూ అదే. ఒక విద్యాసంస్థ నుంచి ఇంకొక దానికి మారి వెంటనే ఆడవచ్చన్న సడలింపు 2021లో రాకపోతే ఇదంతా ఒక్క ఏడాదిలో సాధ్యమయ్యేది కాదు. అదే సడలింపు మాకు చేసిన నష్టమూ నాకు గుర్తుంది. 2020లో మా క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే మైదానంలో ఆటను నడిపే ఆటగాడిగా, ఉన్న మైకేల్ పెనిక్స్ 2021 తర్వాత వాషింగ్టన్‌కు వెళ్లిపోయి, 2023 సీజన్‌లో ఆ జట్టును జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఆ సీజన్ మేము 3 గెలిచి 9 ఓడాం. తలుపు ఒకటే, ఎటు తెరుచుకుంటుందన్నది లోపల ఉన్న కోచ్‌ను బట్టి.

ఇక నేను డబ్బు కట్టి చూసిన ఆట సంగతి. 2024 అక్టోబరు 19న నెబ్రాస్కాతో ఆటకు మా మామయ్యగారిని తీసుకెళ్లాను. ఆయన గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు, కబడ్డీ జట్లను జిల్లా పోటీలకు తీసుకెళ్లిన అనుభవం ఉంది. ఈ ఆట నియమాలు కారులో వస్తూ అరగంటలో చెప్పాను. మొదటి పది నిమిషాలు బంతిని చూశారు, ఆ తర్వాత బంతిని వదిలేసి మైదానం అంచునే చూడడం మొదలుపెట్టారు. ఇండియానా బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటించి, అంటే టచ్‌డౌన్ చేసి, స్టేడియమంతా లేచి నిలబడితే ఆయన నా మోచెయ్యి తట్టి, "అల్లుడుగారూ, ఆయన్ని చూడండి. అందరూ ఎగురుతున్నారు, ఆయన మాత్రం తర్వాత దిగాల్సిన పిల్లల వంక చూస్తున్నారు" అన్నారు. చూస్తే నిజమే. చెవులకు హెడ్‌ఫోన్లు, ముడిపడ్డ కనుబొమలు, ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. అప్పటికి మూడేళ్ల పైచిలుకు టికెట్ కొన్న నేను అంతసేపు కోచ్ వైపు ఎన్నడూ చూడలేదు.

ఆ రోజు మొదటి సగంలో క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రౌర్క్ బొటనవేలికి దెబ్బ తగిలింది. రెండో సగంలో అతని బదులు టేవెన్ జాక్సన్ దిగాడు. పాత రోజుల్లో అయితే నేను అప్పుడే కారు తాళాలు వెతుక్కునేవాణ్ణి. ఆటను నడిపే కుర్రాడు మారాడు, ఆట మాత్రం మారలేదు. అవే ఎత్తులు, అదే వేగం, బంతి చేతిలో పడ్డప్పుడు ఎవరు ఎటు పరుగెత్తాలో అందరికీ తెలిసిన తీరు. స్కోరు 56–7. తిరుగుదారిలో మామయ్యగారు, "మొదటి వరుస పిల్లలు బాగా ఆడితే అది పిల్లల గొప్పతనం కావచ్చు, రెండో వరుసవాడు దిగినా తేడా తెలియకపోతే అది మాస్టారి గొప్పతనం" అన్నారు. కోచ్ పనితనాన్ని ఎలా కొలవాలో ఇంతకన్నా తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. ఆ మరుసటి వారం వాషింగ్టన్ మీద జాక్సనే మొదటి నుంచీ ఆడి 31–17తో గెలిపించాడు.

నవంబరు 9న మిషిగన్‌తో ఆట వేరే రకం. సగం ముగిసేసరికి 17–3తో ముందున్నాం, ఆ తర్వాత ఒక్కొక్క పాయింటూ కరిగి 17–15 దాకా వచ్చింది. పాత ఇండియానా ఇక్కడే ఓడిపోయేది. మా వరుసలో అందరికీ ఆ భయమే, ఎవరూ మాట్లాడడం లేదు. చివరికి 20–15తో గెలిచి, 10 ఆటల్లో 10 గెలుపులు అయ్యాయి. ఈ విశ్వవిద్యాలయం ఒక సీజన్‌లో 10 గెలవడం అదే మొదలు. అదే నెల 30న, సిగ్నెటీ పేరు ప్రకటించి సరిగ్గా ఏడాది నిండిన రాత్రి, పర్డ్యూను 66–0తో ఓడించారు. ముందటి ఏడాది కోచ్ ఉద్యోగం పోవడానికి చివరి నెపమైన జట్టు అదే కదా. ఆ రాత్రి ఎముకలు కొరికే చలిలోనూ విద్యార్థుల గ్యాలరీ చివరిదాకా నిండుగానే ఉంది.

ఆ సీజన్‌లో ఓడిన రెండు ఆటలూ పెద్ద జట్ల మీదే, రెండూ బయటి మైదానాల్లోనే: ఒహాయో స్టేట్ మీద 38–15, జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో నోటర్ డామ్ మీద 27–17. బలహీనులను ఏరుకుని గెలిచారన్న విమర్శ దేశమంతా వినిపించింది. ఆ విమర్శ నన్ను బాధపెట్టింది, కానీ పూర్తిగా తప్పని అనలేకపోయాను. దానికి జవాబు 2025 ఇచ్చింది. సెప్టెంబరు 20న తొమ్మిదో ర్యాంకుతో వచ్చిన ఇలినాయ్‌ను మా కళ్లముందే 63–10తో ఓడించారు. ఆరెగన్ మీద వాళ్ల ఊళ్లోనే 30–20తో, పెన్ స్టేట్ మీద వాళ్ల ఊళ్లోనే చివరి నిమిషంలో ఓమార్ కూపర్ పట్టిన బంతితో 27–24తో గెలిచారు. డిసెంబరు 6న ఒహాయో స్టేట్‌ను 13–10తో ఓడించి బిగ్ టెన్ టైటిల్ తెచ్చారు. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాకు, ఏటా దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది, ఈ విశ్వవిద్యాలయానికి అది మొదటిది. రోజ్ బౌల్‌లో, సిగ్నెటీ ఒకప్పుడు పనిచేసిన అలబామాను 38–3తో ఓడించారు. సెమీఫైనల్‌లో ఆరెగన్‌ను మళ్లీ 56–22తో ఓడించారు.

ఫైనల్ మయామీ జట్టు మీద, మయామీ జట్టు సొంతంగా ఆడుకునే మైదానంలోనే. నాలుగో పావులో 17–14తో ముందున్నాం. నాలుగో డౌన్, ఇంకా 4 గజాలు కావాలి, గోల్ గీతకు 12 గజాల దూరం. కిక్ కొడితే 3 పాయింట్లు దాదాపు ఖాయం. కిక్ కొట్టే బృందం మైదానంలోకి వచ్చింది కూడా. అప్పుడు సిగ్నెటీ టైమ్‌అవుట్ తీసుకుని, వాళ్లను వెనక్కి పిలిచి, మెండోజాను మళ్లీ దింపారు. మెండోజా బంతి పట్టుకుని తానే దూసుకుపోయాడు, ఇద్దరు ముగ్గురు మీదపడ్డా ఆగకుండా గీత మీదికి శరీరాన్ని విసిరాడు. టచ్‌డౌన్. చివరికి 27–21. గుంటూరులో అప్పుడు పొద్దున తొమ్మిది దాటింది. మామయ్యగారు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "ఆ కిక్ వద్దనుకున్నది ఎవరు?" అని. "కోచే మామయ్యగారూ" అన్నాను. "అనుకున్నాను" అన్నారు.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు దాచడం న్యాయం కాదు. టికెట్ కొనేవారి వైపు నుంచి చూస్తే మొదటి లోపం ఆటల పట్టిక. 2025లో సొంత మైదానంలో ఏడు ఆటలు జరిగాయి. వాటిలో మొదటి మూడు ఓల్డ్ డొమినియన్, కెన్నెసా స్టేట్, ఇండియానా స్టేట్ మీద. చివరిదాని స్కోరు 73–0. తక్కిన నాలుగింటిలోనూ దగ్గరి పోటీ ఒక్కటీ లేదు. గుండె నోట్లోకొచ్చే ఆటలన్నీ బయటి ఊళ్లలో జరిగాయి, వాటిని టీవీలోనే చూశాను. వర్జీనియా విశ్వవిద్యాలయంతో ముందే ఒప్పుకున్న రెండు ఆటలను కూడా రద్దు చేసుకున్నారు. గెలుపు లెక్కలకు అది మంచిదే కావచ్చు, డబ్బు కట్టి సెప్టెంబరు ఎండలో కూర్చునే మనిషికి మాత్రం మంచిది కాదు. ఇంత సమర్థుడైన కోచ్ ఉన్న జట్టు గట్టి ప్రత్యర్థిని బ్లూమింగ్టన్‌కు పిలవడానికి వెనకాడనక్కరలేదని నా గట్టి అభిప్రాయం.

రెండోది, కూటమి ఫైనల్, బౌల్ ఆటల వంటివి సీజన్ టికెట్‌లో రావు. నేను ఉండే ఇండియానాపొలిస్‌లోనే బిగ్ టెన్ ఫైనల్ జరిగినా టికెట్ కోసం ఒక రీసేల్ వెబ్‌సైట్‌ను ఆశ్రయించాను. డబ్బు వెంటనే తీసుకున్నారు, టికెట్ మాత్రం ఆట మొదలవడానికి గంట ముందు దాకా ఫోన్‌లోకి రాలేదు. చలిలో గేటు ముందు నిలబడి వాళ్ల కస్టమర్ కేర్‌తో మాట్లాడిన ఆ రెండు గంటలు ఎవరికీ వద్దు. అలాంటి ఆటలకు వెళ్లాలనుకునేవారు విశ్వవిద్యాలయం ద్వారా వచ్చే అవకాశాన్నే మొదట చూసుకోవడం మంచిది.

మూడోది డబ్బు. సిగ్నెటీ వచ్చినప్పుడు జీతం ఏడాదికి 40 లక్షల డాలర్ల పైచిలుకు. 2024 నవంబరులో ఎనిమిదేళ్లకు 7 కోట్ల 20 లక్షలు, 2025 అక్టోబరులో ఎనిమిదేళ్లకు 9 కోట్ల 30 లక్షల డాలర్లు అయింది. చదువు కోసం అప్పు చేసి ఇక్కడికి వచ్చినవాణ్ణి నేను. ఆ అంకె చదివినప్పుడు గుండె కలుక్కుమనలేదంటే అబద్ధమే. అయితే అదే అక్టోబరులో పెన్ స్టేట్ తన కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తొలగించింది, ఆ వెంటనే అక్కడి ఖాళీకి సిగ్నెటీ పేరు వినపడసాగింది. మంచి కోచ్‌ను తెచ్చుకోవడం ఎంత కష్టమో, పక్కవారు ఎగరేసుకుపోకుండా నిలుపుకోవడం అంతకన్నా కష్టం. ఇండియానా ఆ పనీ ఆలస్యం చేయకుండా చేసింది. పోగొట్టుకుని ఆరేడేళ్లు వెతుక్కోవడం కన్నా ఇది చవకేనని, 2021 నవంబరులో అట్టల మీద కూర్చున్న మనిషిగా నేను ఒప్పుకుంటాను.

కొత్తగా కొనాలనుకునేవారికి కొన్ని మాటలు. విద్యార్థులైతే విద్యార్థి టికెట్ తీసుకోండి, ఉద్యోగస్తుల్లా మామూలు టికెట్ కొనవద్దు. కుటుంబంతో వచ్చేవారు మొదటి ఏడాది సీజన్ మొత్తానికి కట్టకుండా అక్టోబరులో ఒక కూటమి ఆట ఎంచుకోండి. ఎండా ఉండదు, గడ్డకట్టే చలీ ఉండదు. ఆట మూడున్నర గంటలు సాగుతుంది, మధ్యలో టీవీ ప్రకటనల కోసం ఆగుతుంది, చిన్నపిల్లలు విసుగు చెందుతారు. సగం విరామంలో మార్చింగ్ హండ్రెడ్ బ్యాండు వచ్చినప్పుడు మాత్రం మా పాప కదలకుండా చూస్తుంది. ఇండియానాపొలిస్ నుంచి దారి గంటే అయినా ఆట రోజున రెండు గంటలు వేసుకోండి. ఆట మొదలవడానికి ముందే లోపలికి వెళ్లి, ఉత్తరపు కొస కనిపించే చోట నిలబడండి. ఆటగాళ్లు ఆ సున్నపురాయి బండను తాకుతూ ఒక్కొక్కరే వస్తారు. ఆ తర్వాత మొదటి టచ్‌డౌన్ పడ్డప్పుడు మాత్రం బంతి పట్టినవాణ్ణి కాకుండా మైదానం అంచున హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆయన్ని చూడండి.

నేను ఈసారి ఒక సీటుకు బదులు మూడు కావాలని దరఖాస్తు పెట్టాను. మామయ్యగారు అక్టోబరులో మళ్లీ వస్తామన్నారు.